ప్రకటనల ఏజెన్సీలో వెబ్‌సైట్ ప్రాజెక్టు నడపడం: బ్రీఫ్ నుంచి అప్పగింత దాకా

ప్రకటన, వెబ్‌సైట్ రెండూ ఒకే ఏజెన్సీ చేతికి వచ్చినప్పుడు పని ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది ముందు, ఏది తర్వాత అని చాలామంది అడుగుతున్నారు. ఈ మార్గదర్శి ప్రాజెక్టు మేనేజర్లకు, అకౌంట్ మేనేజర్లకు, చిన్న ఏజెన్సీలో ఆ రెండు పనులూ ఒక్కరే మోస్తున్నవారికి. కోడు రాయడం ఇందులో ఉండదు.

నేను చూసినంతలో సైట్లు కోడు దగ్గర ఆగిపోవడం అరుదు. ఎవరు సరేననాలో తేలక, పేజీలో పెట్టాల్సిన రాత రాక, డొమైన్ పాస్‌వర్డ్ ఎవరి దగ్గరుందో తెలియక ఆగిపోతాయి. అందుకే సగానికి సగం కోడు మొదలుకాకముందు చేయాల్సిన పని గురించే చెబుతున్నాను. ఆ భాగాన్ని దాటేసి నేరుగా ఏడో అంచెకు వెళ్లకండి.

## 1. బ్రీఫ్ తీసుకోవడం

బ్రీఫ్ అంటే క్లయింట్‌కు ఏం కావాలో రాసుకునే చిన్న పత్రం. "మాకు కొత్త వెబ్‌సైట్ కావాలి" అని క్లయింట్ అంటారు. ఆ ఒక్క మాట పట్టుకుని డిజైనర్‌ను కూర్చోబెడితే నెల తర్వాత కథ మళ్లీ మొదటికొస్తుంది. ముందుగా అడగాల్సింది ఇది: సైటుకు వచ్చిన మనిషి ఏం చేసి వెళ్లాలి? ఫోన్ చేయాలా, ఫారం నింపాలా, కొనాలా, దగ్గర్లో శాఖ ఎక్కడుందో తెలుసుకోవాలా?

నాలుగూ కావాలంటారు. అప్పుడు "వీటిలో ఒక్కటే జరుగుతుందనుకుంటే దేన్ని ఎంచుకుంటారు?" అని అడగండి. కాసేపు ఆలోచించి ఇచ్చే జవాబే సైటు మొదటి లక్ష్యం. తర్వాత వచ్చే ప్రతి వాదనకూ ఆ జవాబే కొలబద్ద.

రెండో ప్రశ్న, ఇప్పుడే ఎందుకు? కొత్త ఉత్పత్తి విడుదల ఉందా, ప్రకటనలు నడుస్తున్నా విచారణలు రావడం లేదా, ఉన్న సైటును ఎవరూ సరిదిద్దలేకపోతున్నారా? పత్రికలోనో టీవీలోనో ప్రకటన స్థలం ముందే కొనేసి ఉంటే తేదీ కదలదు. అలాంటప్పుడు కదలాల్సింది పని పరిధి. ఆ తేదీకి మూడు పేజీలు, మిగిలినవి రెండో విడతలో అని మొదటి సమావేశంలోనే తేల్చుకోండి.

మూడోది, ప్రకటన ఏం మాట ఇస్తోంది? ప్రకటనలో "ఉచిత సంప్రదింపు" అని ఉండి, దాన్ని నొక్కితే తెరుచుకున్న పేజీలో ఆ ముక్కే లేకపోతే వచ్చినవాళ్లు వచ్చిన దారినే పోతారు. ప్రకటన రాసే కాపీరైటర్, సైటు రాసే కాపీరైటర్ వేర్వేరు మనుషులైతే ఇద్దరినీ ఈ సమావేశంలో కూర్చోబెట్టండి.

సమావేశం ముగిసేసరికి చేతిలో ఉండాల్సినవి:

- ☐ సైటు మొదటి లక్ష్యం, ఒకే వాక్యంలో
- ☐ ఎవరి కోసం, వాళ్లు ఎక్కువగా ఏ భాషలో చదువుతారు, ఫోన్‌లోనా కంప్యూటర్‌లోనా
- ☐ కదలని తేదీలు, కదిలే తేదీలు
- ☐ ప్రకటనల్లో ఇస్తున్న హామీలు, ఉన్నవి ఉన్నట్టుగా
- ☐ క్లయింట్‌కు నచ్చిన మూడు సైట్లు, నచ్చని మూడు సైట్లు, ఒక్కోదానికి కారణం
- ☐ సైటు నుంచి వచ్చే విచారణలకు క్లయింట్ వైపు ఎవరు జవాబిస్తారు

చివరి అంశాన్ని చాలామంది వదిలేస్తారు. ఫారాలు వచ్చి పడుతుంటే తిరిగి ఫోన్ చేసే మనిషి లేకపోతే ఎంత మంచి సైటైనా నిష్ఫలమే, పైగా ఆ నింద ఏజెన్సీ మీదికే వస్తుంది.

బ్రీఫ్ రెండు పేజీలు దాటకూడదు. ఈమెయిల్‌లో పంపి, "ఇది సరైనదే" అని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి.

## 2. పని పరిధిని రాసిపెట్టుకోవడం

"పది పేజీల సైటు" అని ఒప్పందంలో రాస్తే తగవుకు విత్తనం నాటినట్లే. పేజీల సంఖ్యను, నమూనాల సంఖ్యను వేరువేరుగా రాయండి. హోమ్ పేజీ ఒక నమూనా. సేవల పేజీ ఇంకో నమూనా, అదే నమూనాలో పన్నెండు సేవల పేజీలు రావచ్చు. డిజైనర్ శ్రమ నమూనాల మీద, పేజీలు నింపేవారి శ్రమ సంఖ్య మీద ఆధారపడి ఉంటుంది.

పరిధిలో లేనివాటినీ అంత స్పష్టంగా రాయాలి. ఫొటోలు తీయడం, అనువాదం, పాత సైటులోని వ్యాసాలను తరలించడం, సాఫ్ట్‌వేర్ చందాలు, ప్రారంభం తర్వాత మార్పులు, వీటిలో ఏవి మీ లెక్కలో లేవో జాబితాగా ఇవ్వండి. జాబితాలో కనిపించనిది అందులో ఉన్నట్లేనని క్లయింట్ అనుకోవడంలో తప్పులేదు.

మార్పుల విషయంలో "రెండు విడతల సవరణలు" అని ఊరికే రాయకండి. విడత అంటే ఏమిటో చెప్పండి: క్లయింట్ వైపు అందరి వ్యాఖ్యలూ కలిపి ఒకే పత్రంలో వచ్చినది ఒక విడత. ఈ ఒక్క నిర్వచనం చాలా రాత్రుల నిద్రను కాపాడుతుంది.

చెల్లింపుల గురించి ఒక గట్టి సలహా. చివరి వాయిదాను "సైటు ప్రారంభమైన రోజు"కు ముడిపెట్టకండి. మీ పని అంతా పూర్తయినా, క్లయింట్ ఫొటోలు పంపకపోవడం వల్ల ప్రారంభం మూడు నెలలు వాయిదా పడవచ్చు, మీ డబ్బూ దాంతోపాటే ఆగుతుంది. "పరీక్ష సైటు సిద్ధమైన రోజు, లేదా ఫలానా తేదీ, ఏది ముందైతే అది" అని రాయండి. పరీక్ష సైటు అంటే జనానికి తెరవకముందు పని జరిగే సైటు.

అలాగే మౌనానికీ ఒక గడువు పెట్టండి. డిజైన్ పంపిన అయిదు పనిదినాల్లో స్పందన రాకపోతే ఒక రిమైండర్, మరో రెండు రోజుల తర్వాత ప్రారంభ తేదీ ఆ మేరకు జరుగుతుందన్న సమాచారం వెళ్లాలి. ఈ పద్ధతి ఒప్పందంలో ముందే ఉంటే ఆ ఈమెయిల్ ఎవరినీ నొప్పించదు.

## 3. ఎవరు సరేనంటే సరే?

క్లయింట్ వైపు ఒక్కరి పేరు రాయించుకోండి. అభిప్రాయాలు ఎందరైనా చెప్పవచ్చు, సరే అనేది మాత్రం ఒక్కరే. ఆ వ్యక్తి సెలవులో ఉంటే ఎవరు అన్నది కూడా పక్కనే రాయండి.

అసలు యజమాని చివరి వారంలో తొలిసారి డిజైన్ చూసి "ఇదేమిటి?" అనడం ఈ రంగంలో అందరికీ తగిలిన దెబ్బే. దీనికి మందు ఒక్కటే. వైర్‌ఫ్రేమ్ దశలోనే, అంటే గీతలు, పెట్టెలు తప్ప రంగులేమీ లేనప్పుడే, ఆయన ముందు పావుగంట కూర్చోండి. "ఆయనకు సమయం లేదు" అని మధ్యలోవాళ్లు అంటారు. ఇప్పుడు పావుగంట దొరకకపోతే చివర్లో మూడు వారాలు పోతాయని మర్యాదగా వివరించండి.

ఏజెన్సీ లోపల కూడా అంతే. క్లయింట్‌తో మాట్లాడేది ఒక్కరే అయి ఉండాలి. క్లయింట్ నేరుగా డెవలపర్‌కు ఫోన్ చేసి "ఆ బటన్ కాస్త జరపండి" అన్నారంటే ఆ మార్పు ఎక్కడా నమోదు కాదు, వారం తర్వాత ఎందుకు జరిగిందో ఎవరికీ గుర్తుండదు.

## 4. తాళంచెవులు సేకరించడం

ఈ అంచె పూర్తయ్యేదాకా డిజైన్ మొదలుపెట్టవద్దని నా అభిప్రాయం. డొమైన్ ఎవరి పేరు మీద ఉందో చూడండి. అది క్లయింట్ సంస్థ పేరు మీదే ఉండాలి, సంస్థ ఈమెయిల్‌తోనే నమోదై ఉండాలి. పాత ఏజెన్సీ పేరు మీదో, ఉద్యోగం మానేసిన మనిషి సొంత ఈమెయిల్‌తోనో ఉంటే దాన్ని మార్పించడానికి వారాలు పట్టవచ్చు. ఆ పని ఈ రోజే మొదలుకావాలి.

మీ ఏజెన్సీ కూడా క్లయింట్ డొమైన్‌ను తన పేరు మీద కొనకూడదు. వసతిగా ఉంటుందని చేసిన పనే రేపు పెద్ద తగాదా అవుతుంది.

- ☐ డొమైన్ నమోదు ఖాతా, గడువు ముగిసే తేదీ
- ☐ డీఎన్‌ఎస్ (డొమైన్ పేరును సర్వర్‌కు కలిపే వ్యవస్థ) ఎక్కడ నడుస్తోంది, ఇప్పుడున్న రికార్డులన్నింటి నకలు
- ☐ హోస్టింగ్ (సైటు ఫైళ్లు ఉండే సర్వర్) ఖాతా, పాత సైటు పూర్తి బ్యాకప్
- ☐ ఈమెయిల్ సేవ ఎవరిది
- ☐ గూగుల్ అనలిటిక్స్ (సందర్శకుల లెక్క), సెర్చ్ కన్సోల్ (గూగుల్ సెర్చ్‌లో సైటు స్థితి), ప్రకటనల ఖాతాల్లో ప్రవేశం
- ☐ లోగో అసలు ఫైలు, రంగుల సంకేతాలు, ఫాంట్ల లైసెన్సులు

పాస్‌వర్డులను ఈమెయిల్‌లోనో చాట్‌లోనో తీసుకోవద్దు. ఎక్కడ వీలైతే అక్కడ మీ పేరుతో వేరే వినియోగదారుగా చేర్చమనండి. మిగిలినవాటికి పాస్‌వర్డ్ మేనేజర్ వాడండి.

అచ్చు పనులు చేసే ఏజెన్సీలకు ఇంకో రెండు హెచ్చరికలు. అచ్చు కోసం కొన్న ఫాంట్ లైసెన్సు వెబ్‌సైట్‌కు వర్తించకపోవచ్చు, షరతులు చదవండి. అచ్చుకు వాడే సీఎంవైకే రంగుల లోగోను అలాగే సైటులో పెడితే కొన్ని తెరల మీద రంగు వెలవెలబోతుంది. ఎస్‌వీజీ ఫైలు (ఎంత పెంచినా చెదరని రూపం), ఆర్‌జీబీ రంగులు (తెరలకు వాడేవి) అడగండి.

## 5. రాత ముందు, డిజైన్ తర్వాత

ఈ క్రమం తిరగబడటమే ప్రాజెక్టులు జారిపోవడానికి అతిపెద్ద కారణం. అర్థంలేని నకిలీ అక్షరాలు నింపి అందమైన పేజీ చూపిస్తారు, అందరూ మెచ్చుకుంటారు. అసలు రాత వచ్చేసరికి శీర్షిక మూడు వరుసలు అవుతుంది, సేవ వివరణ రెండు వాక్యాలకు మించి ఉండదు, పేజీ కూలిపోతుంది.

ముందు సైటు పటం గీయండి. ఒక్కో పేజీకి మూడే ప్రశ్నలు: ఇక్కడికి ఎవరు వస్తారు, వాళ్ల మనసులో ఉన్న సందేహం ఏమిటి, చదివాక ఏం నొక్కాలి? మూడింటికీ జవాబు లేని పేజీ అక్కరలేదు.

తర్వాత ఒక పట్టిక తయారుచేయండి. పేజీ పేరు, రాసేవారు, సమాచారం ఇచ్చేవారు, గడువు, స్థితి అని అయిదు నిలువు గళ్లు చాలు. "క్లయింట్ కంటెంట్ ఇస్తారు" అన్న వాక్యాన్ని ఎక్కడా నమ్మకండి. ఏ క్లయింట్‌కైనా రోజూ చేసుకోవాల్సిన పని వేరే ఉంటుంది. వాళ్లు కూర్చుని రాయలేరు, అడిగితే మాత్రం చక్కగా చెబుతారు. ఒక్కో సేవ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడించి రికార్డు చేసుకుని మీ కాపీరైటర్‌తో రాయించండి. ఆ ఖర్చును మొదటే లెక్కలో కలపండి.

తెలుగులో సైటు చేస్తుంటే ఇక్కడ కొంచెం ఆగాలి. పాత కరపత్రాల కోసం యూనికోడ్ (అన్ని పరికరాలూ చదవగలిగే అక్షర ప్రమాణం) కాని ఫాంట్లలో టైపు చేసిన రాతను సైటులో అతికిస్తే అది చెత్త అక్షరాలుగా మారిపోతుంది. మార్పిడి సాధనంతో యూనికోడ్‌లోకి తెచ్చాక కూడా ఒత్తులు, పొల్లులు కొన్నిచోట్ల తప్పుతాయి. కాబట్టి మార్చిన ప్రతి పేరానూ మళ్లీ ప్రూఫ్ చూడాలి, ముఖ్యంగా పేర్లను.

డిజైనర్‌కూ ఒక మాట చెప్పండి. తెలుగులో గుణింతాలు పైకి, ఒత్తులు కిందికి పోతాయి. ఇంగ్లిష్‌కు సరిపోయిన వరుసల ఎడం దీనికి చాలదు. అక్షర పరిమాణానికి 1.6 రెట్లతో మొదలుపెట్టి చూడండి. "ఇప్పుడే కొనుక్కోండి" అన్న బటన్‌కు ఎత్తు బిగించి పెడితే ప్ప, క్క ఒత్తులు అడుగున తెగిపోతాయి. ఎత్తు వదిలేసి, పైనా కిందా ఖాళీ ఇమ్మనండి. నోటో సాన్స్ తెలుగు, మండలి వంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతాయి.

## 6. డిజైన్, దాని మీద వచ్చే వ్యాఖ్యలు

వైర్‌ఫ్రేమ్, ఒక్క హోమ్ పేజీ డిజైన్, మిగిలిన నమూనాలు. ఇదీ వరుస. ఫోన్ తెర డిజైన్‌ను ముందు చేయించండి. చిన్న తెరలో చోటు లేకపోవడమే ఏది ముఖ్యమో తేల్చేస్తుంది, అక్కడి నుంచి పెద్ద తెరకు వెళ్లడం తేలిక.

డిజైన్‌ను ఈమెయిల్‌లో పంపి ఊరుకోకండి. చూపిస్తూ మాట్లాడండి. వచ్చే వ్యాఖ్యను ఎలా పట్టుకోవాలో ఒక సంభాషణలో చూపిస్తాను, మొదట మాట్లాడేది క్లయింట్.

"బాగానే ఉంది కానీ ఇంకాస్త ఆకర్షణీయంగా ఉంటే బాగుంటుందండీ."

"తప్పకుండా చూద్దామండీ. పేజీ తెరవగానే మీ కన్ను మొదట ఎక్కడ ఆగింది?"

"ఆ పెద్ద ఫొటో మీద."

"ఫోన్ నంబరు ఎక్కడుందో కనిపించిందా?"

"లేదండీ, కిందికి వెళ్లాక చూశాను."

తేలింది ఇదీ. ఆకర్షణ కొరత అనిపించినది నిజానికి ఫోన్ నంబరు కనిపించకపోవడం. రంగులు మార్చుకుంటూ పోతే మూడు విడతల తర్వాత కూడా ఇది తీరేది కాదు. ప్రతి అభిప్రాయం వెనుక ఒక ఇబ్బంది ఉంటుంది, దాన్ని రాబట్టే ప్రశ్న అడగండి. డిజైనర్‌కు ఆ ఇబ్బందినే చెప్పండి, పరిష్కారం అతనికి వదలండి.

డిజైన్ ఖరారుకు ముందు చూడాల్సినవి:

- ☐ అక్షరాలకు, వెనుక రంగుకు మధ్య తేడా కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకైతే 3:1
- ☐ బొటనవేలితో తేలిగ్గా నొక్కగలిగే బటన్లు
- ☐ అతి పొడవైన శీర్షిక, అతి చిన్న వివరణ పెట్టి చూసిన నమూనా
- ☐ ఫారంలో తప్పు వివరాలు ఇచ్చినప్పుడు కనిపించే సందేశం
- ☐ పేజీ దొరకనప్పుడు వచ్చే 404 పేజీ

## 7. నిర్మాణం

పని అంతా పరీక్ష సైటులో జరగాలి. దానికి పాస్‌వర్డ్ పెట్టండి. సెర్చ్ ఇంజిన్లకు కనబడకుండా నోఇండెక్స్ గుర్తు ఒక్కటే పెట్టి వదిలేస్తే, ప్రారంభం రోజున అది అసలు సైటుకు కూడా వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

ఏ వ్యవస్థలో కట్టాలన్నది ప్రారంభం తర్వాత దాన్ని ఎవరు నడుపుతారన్న దాన్నిబట్టి తేల్చండి. క్లయింట్ ఉద్యోగి వారానికోసారి వార్తలు పెట్టుకుంటారంటే వర్డ్‌ప్రెస్ వంటిది సరిపోతుంది. ఏడాదికి రెండు మార్పులకు మించి ఉండవంటే అంత బరువు అక్కరలేదు. ప్లగిన్లు, అంటే అదనంగా జోడించే చిన్న సాఫ్ట్‌వేర్లు, ఎన్ని తక్కువైతే అంత మంచిది. ఒక్కో ప్లగిన్ రేపటి ఒక నవీకరణ, ఎల్లుండి ఒక భద్రతా రంధ్రం.

వేగానికి అంకెలతో లక్ష్యం పెట్టుకోండి. గూగుల్ చెప్పే హద్దులు మూడు: పేజీలోని ప్రధాన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలి, నొక్కితే 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి, లోడవుతుండగా పేజీ కుదుపు కొలత 0.1 దాటకూడదు. సందర్శనల్లో 75 శాతం ఈ హద్దుల్లో ఉండాలి. రెండోది (ఐఎన్‌పీ) 2024 మార్చిలో ఎఫ్‌ఐడీ అనే పాత కొలత స్థానంలో వచ్చింది, మీ ఒప్పంద నమూనాల్లో పాత పేరు ఉంటే మార్చుకోండి.

ఏజెన్సీ సైట్లు నెమ్మదించడానికి కారణం చాలావరకు ఫొటోలే. అచ్చుకు పంపిన ఫైలే సైటులోకి ఎక్కిస్తారు. కనిపించే పరిమాణానికి తగ్గించి, వెబ్‌పీ అనే తేలికైన రూపంలోకి మార్చి, ప్రతి ఫొటోకూ వెడల్పు, ఎత్తు రాయించండి. ఆ రెండు అంకెలు లేకపోతే ఫొటో వచ్చినప్పుడల్లా పేజీ కిందికి గెంతుతుంది.

## 8. ప్రచారానికి పేజీ, దానికి కొలత

ప్రకటనలను హోమ్ పేజీకి పంపకండి. ఒక్కో ప్రకటన హామీకి ఒక్కో లాండింగ్ పేజీ, అంటే ప్రకటన నొక్కితే తెరుచుకునే పేజీ, ఉండాలి. ప్రకటనలోని శీర్షిక, ఈ పేజీ శీర్షిక ఒకే మాట చెప్పాలి. ఫారంలో నిజంగా వాడే గళ్లే అడగండి. పేరు, ఫోన్ నంబరు, ఏం కావాలి అన్న మూడింటితో పనయ్యేచోట ఎనిమిది అడిగితే నింపేవాళ్లు తగ్గుతారు. వ్యక్తిగత వివరాలు తీసుకుంటున్నారు కనుక గోప్యతా విధానం పేజీ ఉండాలి, దాన్ని క్లయింట్ న్యాయ సలహాదారుకు చూపించాలి.

కొలత ప్రచారం మొదలయ్యే ముందే పనిచేయాలి. మొదటి లక్ష్యం నెరవేరినప్పుడు అనలిటిక్స్‌లో ఒక ఈవెంట్ నమోదు కావాలి. బటన్ నొక్కడాన్ని కాకుండా ఫారం విజయవంతంగా చేరడాన్ని లెక్కించండి, లేకపోతే తప్పుగా నింపినవి కూడా లెక్కలోకి వస్తాయి.

లింకులకు యూటీఎం గుర్తులు (ఏ ప్రకటన నుంచి వచ్చారో తెలిపేలా లింకు చివర చేర్చే పదాలు) పెట్టేటప్పుడు పేర్లకు ఒక నియమం రాసుకోండి. అన్నీ చిన్న ఇంగ్లిష్ అక్షరాలే, ఖాళీలు లేకుండా. పెద్ద అక్షరంతో ఒకసారి, చిన్న అక్షరంతో ఒకసారి రాస్తే నివేదికలో అవి రెండు వేర్వేరు మార్గాలుగా కనిపిస్తాయి. సైటు లోపలి లింకులకు ఈ గుర్తులు ఎప్పుడూ పెట్టవద్దు, మనిషి మొదట ఎక్కడి నుంచి వచ్చాడన్న సమాచారం చెదిరిపోతుంది.

పత్రికా ప్రకటనలోనో హోర్డింగ్‌మీదో క్యూఆర్ కోడ్ వేస్తుంటే, అది క్లయింట్ సొంత డొమైన్‌లోని చిన్న లింకుకు వెళ్లాలి. అక్కడి నుంచి అసలు పేజీకి మళ్లించండి. అచ్చయిన కోడును మార్చలేరు, మళ్లింపును ఎప్పుడైనా మార్చవచ్చు. ఆ మళ్లింపు తాత్కాలికమైన 302 రకంది కావాలి. కోడు చుట్టూ దానిలోని చిన్న గళ్లు నాలుగు పట్టేంత ఖాళీ వదలాలి. కంప్యూటర్ తెర మీద కాకుండా, అచ్చు ప్రూఫ్ మీదే ఫోన్‌తో పరీక్షించండి.

## 9. పరీక్ష

ఒకసారి మా చేతుల మీదుగా వెళ్లిన లాండింగ్ పేజీలో ఫారం నింపితే "ధన్యవాదాలు, త్వరలో సంప్రదిస్తాం" అని చక్కగా వచ్చేది. అనలిటిక్స్‌లో లెక్క పెరుగుతూనే ఉంది. తొమ్మిదో రోజు క్లయింట్ ఫోన్ చేసి "ఒక్క విచారణ కూడా రాలేదండీ" అన్నారు. ఈమెయిళ్లన్నీ సర్వర్ నుంచి బయల్దేరాయి, కానీ ఎస్‌పీఎఫ్ రికార్డులో (డొమైన్ పేరుతో ఏ సర్వర్లు ఈమెయిల్ పంపవచ్చో చెప్పే డీఎన్‌ఎస్ రికార్డు) ఆ సర్వర్ పేరు లేకపోవడంతో అవతలి ఈమెయిల్ సేవ వాటిని స్పామ్‌లో పడేసింది. మేం పరీక్షించింది మా ఈమెయిల్‌కు, క్లయింట్ ఈమెయిల్‌కు కాదు. ఆ తొమ్మిది రోజుల ప్రకటన ఖర్చు గుర్తొస్తే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అందుకే ఇప్పుడు రెండు పనులు తప్పనిసరి చేసుకున్నాం. ఫారం వివరాలు ఈమెయిల్‌తోపాటు సైటు డేటాబేస్‌లోనూ నిల్వ ఉండాలి. పరీక్ష విచారణ క్లయింట్ ఇన్‌బాక్స్‌కు చేరిందని అవతలి మనిషి తన నోటితో చెప్పాలి.

- ☐ ప్రతి ఫారం, అసలు గ్రహీత ఈమెయిల్‌కు
- ☐ ఎస్‌పీఎఫ్, డీకేఐఎం (ఈమెయిల్ అసలైనదని చూపే డిజిటల్ సంతకం) రికార్డులు
- ☐ ఆండ్రాయిడ్, ఐఫోన్, కంప్యూటర్, ఒక్కోదానిలో కనీసం ఒక బ్రౌజర్
- ☐ నెమ్మది నెట్‌లో, కాస్త పాత ఫోన్‌లో హోమ్ పేజీ
- ☐ ఫోన్ నంబర్లు, చిరునామాలు, ధరలు: రాసినవారు కాకుండా మరొకరు చదవాలి
- ☐ మౌస్ లేకుండా కీబోర్డుతోనే ఫారం పూర్తిచేయడం
- ☐ పనిచేయని లింకులు

ప్రాజెక్టుతో సంబంధంలేని ఒకరిని కూర్చోబెట్టి "ఇక్కడ ఫలానా సేవ కోసం సంప్రదించండి" అని చెప్పి, మీరు నోరు మెదపకుండా చూడండి. అయిదు నిమిషాల్లో మీకు వారాల తరబడి కనబడనివి కనబడతాయి.

## 10. ప్రారంభం రోజు

వారం మొదట్లో, ఉదయం పూట పెట్టుకోండి. వారాంతానికి ముందురోజు సాయంత్రం వద్దు. ఏదైనా తేడా వస్తే సరిదిద్దే మనుషులు అందుబాటులో ఉండరు.

పాత సైటు ఉంటే మళ్లింపుల పట్టికే ఇక్కడ ప్రాణం. పాత పేజీల చిరునామాలన్నీ ఒక వరుసలో, వాటికి సమానమైన కొత్త పేజీ పక్క వరుసలో రాసి, శాశ్వతమైన 301 మళ్లింపులు పెట్టండి. అన్నింటినీ హోమ్ పేజీకి మళ్లించడం పొరపాటు. ఏళ్లుగా సెర్చ్‌లో సంపాదించుకున్న స్థానం పోతుంది, వెతికి వచ్చిన మనిషికీ కావాల్సింది దొరకదు. ఈ మళ్లింపులను కనీసం ఏడాదిపాటు ఉంచాలని గూగుల్ సూచిస్తోంది. నన్నడిగితే తీసేయాల్సిన అవసరమే లేదు. మళ్లించేటప్పుడు లింకు చివరి యూటీఎం గుర్తులు జారిపోవడం లేదని కూడా చూడండి.

డీఎన్‌ఎస్ విషయంలో నేను పాటించే క్రమం:

1. రెండు రోజుల ముందు, మార్చబోయే రికార్డు టీటీఎల్‌ను (సర్వర్లు ఆ రికార్డును ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో చెప్పే అంకె) 300 సెకన్లకు తగ్గించండి. పాత విలువ 86400 అయితే, దాన్ని గుర్తుపెట్టుకున్న సర్వర్లు ఒక రోజంతా పాత చిరునామాకే పంపుతాయి.
2. నేమ్‌సర్వర్లను (డీఎన్‌ఎస్ రికార్డులు ఉండే సర్వర్లు) కదపకుండా, సైటు ఏ సర్వర్‌లో ఉందో చెప్పే 'A' రికార్డును మాత్రమే మార్చండి.
3. నేమ్‌సర్వర్లే మార్చక తప్పకపోతే ముందుగా ఎంఎక్స్ (ఈమెయిళ్లు ఎక్కడికి చేరాలో చెప్పే రికార్డు) సహా అన్ని రికార్డులనూ కొత్తచోట నకలు చేయండి. ఎంఎక్స్ మరిచిపోతే క్లయింట్ సంస్థ మొత్తానికి ఈమెయిళ్లు ఆగిపోతాయి.
4. ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ (సైటును https తో సురక్షితంగా తెరిపించేది) పనిచేస్తోందా, దానంతటదే పునరుద్ధరణ అవుతుందా చూడండి.
5. నోఇండెక్స్ గుర్తు తీసేశారని పేజీ సోర్సు తెరిచి, సెర్చ్ ఇంజిన్లను ఆపే అడ్డంకి రోబోట్స్ ఫైలులో (robots.txt) లేదని ఆ ఫైలు తెరిచి కళ్లతో చూడండి.
6. సైట్‌మ్యాప్‌ను (పేజీల చిరునామాల జాబితా ఫైలు) సెర్చ్ కన్సోల్‌లో సమర్పించండి.
7. అన్ని ఫారాలనూ మళ్లీ పరీక్షించండి. పరీక్ష సైటులో పనిచేసినది ఇక్కడ పనిచేస్తుందన్న హామీ లేదు.
8. పాత సర్వర్‌ను కనీసం రెండు వారాలు అలాగే ఉంచండి.

ప్రకటనలను అదే రోజు వదలకండి. సైటు రెండు రోజులు నిలకడగా నడిచాక మొదలుపెట్టండి. తేదీ కదలదంటే సైటు ప్రారంభాన్నే అంతకుముందుకు జరపండి.

## 11. తర్వాతి నెల, అప్పగింత

మొదటి వారం రోజూ ఉదయం మూడు చూడండి: ఫారాలు చేరుతున్నాయా, 404 పేజీలు ఎక్కడ వస్తున్నాయి, ప్రకటన నుంచి వచ్చినవాళ్లు అనలిటిక్స్‌లో సరైన పేరుతో కనబడుతున్నారా. రెండో వారం నుంచి వారానికోసారి చాలు.

విచారణలు తక్కువగా ఉంటే వెంటనే డిజైన్ మీద పడకండి. ప్రకటనను నొక్కుతున్నారా, నొక్కాక పేజీ తెరుచుకునేదాకా ఆగుతున్నారా, ఫారం మొదలుపెడుతున్నారా, పూర్తిచేస్తున్నారా అని వరుసగా చూడండి. ఎక్కడ సగానికి సగం రాలిపోతున్నారో అక్కడే ముందు చేయి పెట్టండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

నెల చివర సమావేశంలో క్లయింట్‌కు పెద్ద నివేదిక అక్కరలేదు. ఎన్ని విచారణలు వచ్చాయి, ఒక్కోదానికి ప్రకటన ఖర్చు ఎంత, వాటిలో ఎన్నింటికి క్లయింట్ మనుషులు తిరిగి ఫోన్ చేశారు. మూడో అంకె క్లయింటే చెప్పాలి, మొహమాటపడకుండా అడగండి.

అప్పగింత ఫోల్డరులో ఉండాల్సినవి:

- ☐ అన్ని ఖాతాల జాబితా, యజమాని ఎవరు, గడువు తేదీలు
- ☐ సైటు పూర్తి బ్యాకప్, దాన్ని తిరిగి పెట్టే విధానం
- ☐ డిజైన్ అసలు ఫైళ్లు, ఫొటోల, ఫాంట్ల లైసెన్సులు క్లయింట్ పేరు మీద
- ☐ పేజీ మార్చడం, వార్త పెట్టడం చూపించే చిన్న వీడియోలు
- ☐ యూటీఎం పేర్ల నియమం, మళ్లింపుల పట్టిక
- ☐ నిర్వహణ ఒప్పందం: నెలకు ఎన్ని గంటలు, నవీకరణలు ఎవరు చేస్తారు, సైటు పడిపోతే ఎవరికి ఫోన్ చేయాలి

బ్యాకప్ ఉందని రాసి ఊరుకోకండి. అప్పగించే ముందు ఒకసారి వేరే చోట దాన్ని తెరిచి, సైటు నిజంగా లేచి నిలబడుతోందో చూసి, ఆ తేదీని ఫోల్డరు మీద రాయండి.